మిర్చి బస్తా తేడా

పెద్ద మోటార్ సైకిల్ కొంటానని ఒక్కసారి బయట అని చూడండి. ఊళ్లో ప్రతివాడూ ఇంజినీరే! మరిపెడ బంగ్లా సెంటర్లో టీ కొట్టు దగ్గర నేనా మాట అన్న పది నిమిషాల్లో పద్నాలుగు సలహాలొచ్చాయి. అన్నీ 'మైలేజీ ఎంతిస్తది సారూ?'తో మొదలై 'గా పైసలకు కారొస్తది గదా!'తో ముగిసేవే.

కారు ఎందుకు కాదో ముందే చెప్పేస్తాను. మా ఆవిడకు కారు పడదు. అద్దాలు మూసిన బండి ఏదెక్కినా పది కిలోమీటర్లు దాటకుండానే కడుపులో తిప్పుతుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా సరే, లేదంటే చేతిలో ప్లాస్టిక్ కవరు ఉండాల్సిందే. మా అత్తగారేమో పక్షవాతంతో ఖమ్మంలో మంచం మీదున్నారు. రెండేళ్లుగా ప్రతి శనివారం బడి వదిలాక ఇద్దరం ఖమ్మం పోతాం. ఆదివారం చీకటి పడ్డాక తిరిగొస్తాం. పోనూ రానూ తొంభై కిలోమీటర్లు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ పని చేసింది 2003లో కొన్న హీరోహోండా స్ప్లెండర్. నమ్మకమైనదే, కాదనను. కానీ మాది వరంగల్–ఖమ్మం హైవే. గ్రానైట్ బండలు కట్టుకుని పోయే లారీలుంటాయి. ఇద్దరు మనుషులు, ఒక సంచితో ఆ లారీని దాటాలంటే స్ప్లెండర్‌కు ముహూర్తం చూసుకోవాలి. దాటడం మొదలుపెట్టాక ఎదురుగా లైట్లు కనపడితే వెనక కూర్చున్న మనిషి చెయ్యి నా భుజం మీద బిగుసుకోవడం తెలుస్తుంది. ఆ చెయ్యే నన్ను పెద్ద బండి వైపు నెట్టింది.

నేను చూస్తున్నవి 'నేకెడ్ బైకులు' అని స్టాఫ్ రూంలో అంటే మా హెడ్మాస్టరు గారు కళ్లజోడు పైకెత్తి మరీ చూశారు. అందులో తప్పేం లేదండీ! ముందు గాలిని చీల్చే తొడుగులూ, పక్కల ప్లాస్టిక్ రేకులూ లేకుండా ఇంజిను బయటికి కనిపించే బండిని అలా అంటారు. ఆ లెక్కన చిన్నప్పుడు మనం చూసిన బుల్లెట్టూ, యెజ్డీ, రాజ్‌దూత్ అన్నీ నేకెడ్డే. అప్పట్లో మన ఊళ్లలో బట్టలేసుకున్న బైకు లేదు గనక ఆ పేరుతో పని పడలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి నెలరోజులు నాకు వీడియోలు పంపి, చివరికి జాబితాను రెండుకు కుదించింది. 'నాన్నా, మిగిలినవన్నీ ముందుకు వంగి నడపాలె. నీ నడుముకు ఈ రెండే' అంది. ఒకటి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. రెండోది ట్రయంఫ్ స్పీడ్ 400.

ఇక్కడో తమాషా ఉంది. రెండూ ఇంగ్లండులో పుట్టిన పేర్లే. ఒకరిది రెడిచ్, ఇంకొకరిది కొవెంట్రీ. ఎన్‌ఫీల్డ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఒంటి సిలిండర్ బుల్లెట్. అది 1955లో మద్రాసుకొచ్చి ఇక్కడిదే అయిపోయింది. ట్రయంఫ్ అంటే ఇంగ్లిషువాళ్లకు జంట సిలిండర్ల బండి. 1937లో వాళ్లు తెచ్చిన స్పీడ్ ట్విన్‌ను చూశాకే మిగతా బ్రిటిష్ కంపెనీలు ఆ బాట పట్టాయి. ఇప్పుడు చూడండి... 2018లో మన మార్కెట్లోకి వచ్చిన ఇంటర్‌సెప్టర్‌కు రెండు సిలిండర్లు. 2023 జులైలో వచ్చిన స్పీడ్ 400కు ఒకటే! వియ్యంకులిద్దరూ ఇళ్లు మార్చుకున్నట్టు. తయారీ కూడా అక్కడేం కాదు. మొదటిది చెన్నై పక్కన, రెండోది పుణె దగ్గర చాకన్‌లో, బజాజ్ ఫ్యాక్టరీలో.

నేను లెక్కల మాస్టర్ని. అంకెలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇంటర్‌సెప్టర్ ఇంజిను 648 సీసీ, 47 హార్స్‌పవర్. స్పీడ్ 400 ఇంజిను 398 సీసీ, 40 హార్స్‌పవర్. చూడగానే మొదటిదే గొప్పదనిపిస్తుంది కదా? ఆగండి. బండి ఒక్కటే రోడ్డు మీద పోదు, మేమిద్దరం ఎక్కాలి. నేను 74 కిలోలు, ఆవిడ 66. మొత్తం 140. ఇంటర్‌సెప్టర్ బరువు 218 కిలోలు, స్పీడ్ 400 బరువు 176. మమ్మల్ని కూడా కలిపి భాగిస్తే ఇంటర్‌సెప్టర్‌లో ఒక్కో గుర్రం లాగాల్సింది ఏడున్నర కిలోల పైచిలుకు. స్పీడ్‌లో ఒక్కో గుర్రం లాగాల్సింది దగ్గర దగ్గర ఎనిమిది కిలోలు. అంతే తేడా! అదే స్ప్లెండర్‌లో ఎనిమిది గుర్రాలు కూడా లేవు, ఒక్కో దాని మీద ముప్ఫై కిలోల పైనే పడుతుంది. పాపం, ఇరవై రెండేళ్లు లాగాయి. లారీని దాటే విషయంలో రెండు కొత్త బండ్లూ ఒకటేనని కాగితం మీద తేలిపోయింది.

తేలనిది ఇంకొకటుంది. 218లోంచి 176 తీసేస్తే 42. మా పక్క మిర్చి పండించేవాళ్లకు ఆ అంకె బాగా తెలుసు. ఖమ్మం మార్కెట్‌కు పోయే మిర్చి బస్తా ఇంచుమించు అంతే తూగుతుంది. పరుగెత్తే బండి మీద ఆ బస్తా ఉన్నట్టే తెలియదు. నిలబడ్డప్పుడే అది నీ కాలి మీదికి వస్తుంది.

2025 నవంబరులో ఖమ్మంలో ఇంటర్‌సెప్టర్ నడిపి చూశాను. షోరూంలో కుర్రాడు నన్నూ, నా జుట్టునూ చూసి 'సార్, మీ ఏజ్‌కు క్లాసిక్ బెటర్ కదా' అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. స్టార్ట్ చేశాక వచ్చే ఆ గుడగుడ చప్పుడుంది చూశారూ... దానికే సగం మంది సంతకం పెట్టేస్తారనుకుంటా! గేరు మార్చాల్సిన పనే తక్కువ. మూడో గేరులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగి, అలాగే మళ్లీ ఊపందుకుంటుంది. ఇంజినులో ఉండే లాగుడు బలం, అదే టార్క్, ఎక్కువగా కింది వేగాల్లోనే దొరికేలా చేశారు. బస్తాలేసిన ఎడ్లబండిని నిలబడ్డచోటు నుంచి కదిలించే బలంలాంటిది అది. తండా తండాకూ స్పీడ్ బ్రేకరున్న మా రోడ్డుకు అంతకంటే ఏం కావాలి?

అయితే యూ టర్న్ దగ్గర ఆగాల్సి వచ్చింది. సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు. స్పీడ్ 400ది 790. కాగితం మీద ఇది వేలెడంత తేడా కూడా కాదు. కానీ ఇంటర్‌సెప్టర్ వెడల్పైన బండి. అయిదడుగుల అయిదంగుళాల నాలాంటివాడి తొడలు బయటికి జరిగి, పాదం సగమే ఆనుతుంది. వెనక మనిషి లేనప్పుడు పరవాలేదు. ఆవిడ ఎక్కాక మళ్లీ అదే చోట ఆపి చూశాను. నిలబడగలిగాను, నిజమే. కానీ తారు రోడ్డు గనక నిలబడ్డాను.

ఎందుకంటే మా రోడ్డు ఏడాదిలో నాలుగు నెలలు కళ్లం. వానాకాలం పంట అప్పుడొకసారి, యాసంగి అప్పుడొకసారి వడ్లు రోడ్డు మీదికొస్తాయి. ఆ అక్టోబరు చివర్లో మొంథా తుపాను కురిశాక తడిసిన వడ్లు ఆరబోయడానికి రోడ్డు కాక రైతుకు ఇంకేం మిగిలింది? వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. చీకట్లో నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప, చుట్టూ రాళ్లు, ఈ పక్కన ఒక బండి పట్టేంత దారి, ఆ దారి నిండా చెదిరిన గింజలు. అక్కడ ఎదురుగా లారీ వస్తే ఆగాలి. గింజల మీద కాలు మోపాలి. గింజ మీద చెప్పు ఎలా జారుతుందో కళ్లంలో నడిచినవాళ్లకు తెలుసు.

ఏబీఎస్ ఉంది కదా అంటారు. ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ అది ఉండాల్సిందే. ఈ రెండింటికైతే ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఉంది. కానీ అది చేసే పనల్లా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూడటం. లేని పట్టును అది సృష్టించలేదు. స్పీడ్ 400లో ఇంకోటి అదనంగా ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ అని. ఇసుక మీదో, గింజల మీదో వెనక చక్రం ఊరికే తిరిగిపోతుంటే ఇంజినును తగ్గిస్తుంది. కావాలంటే ఆపేసుకోవచ్చు. ఇంటర్‌సెప్టర్‌లో అది లేదు. అయితే ఇవన్నీ బండి కదులుతున్నప్పటి సాయాలు. నిలబడ్డ బండిని నిలబెట్టేది మన కాలే.

వెనక కూర్చునే మనిషి సంగతి ఏ వీడియోలోనూ సరిగా చెప్పరండీ. మన మోటారు వాహనాల నిబంధనల్లో మాత్రం ఆ మనిషి కోసం ఒక ముక్క ఉంది. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే మెట్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే అడ్డు ఉండాలని. మనం చీర గార్డు అంటామే, అదే. ఆవిడ ఇంటర్‌సెప్టర్ మీద ఒకవైపుకు కూర్చుని చూసింది. సీటు పొడుగ్గా, బల్లలా ఉంది. 'మంచిగున్నది' అంది. వెంటనే కిందికి చూసి 'ఇదేంది?' అంది. అది ఎడమ సైలెన్సర్! రెండు సిలిండర్ల బండి కదా, అటొకటి ఇటొకటి సైలెన్సర్. చీర కట్టుకుని ఎడమవైపు కాళ్లు వేలాడేసి కూర్చునే మనిషికి దాని వేడి దగ్గరే. నవంబరు పూటే నా మోకాళ్లకు ఇంజిను సెగ తగిలింది. గాలీ నూనే చల్లబరిచే ఇంజిను మరి. మే నెలలో ఖమ్మం సిగ్నల్ దగ్గర దాని సంగతి చెప్పనక్కర్లేదు.

రెండు వారాల తరువాత అమ్మాయిని చూడటానికి పోయినప్పుడు హైదరాబాద్‌లో స్పీడ్ 400 నడిపాం. ఎక్కగానే రెండు కాళ్లూ పూర్తిగా నేల మీద! నాకు ఎక్కడలేని ధైర్యమొచ్చింది. రేడియేటర్ ఉన్న ఇంజిను. సైలెన్సర్ ఒకటే, కుడివైపు. ఫ్లైఓవర్ మీద గేరు ఒకటి తగ్గించి తిప్పితే చటుక్కున లేచింది. గేర్లు మాత్రం అడుగుతూనే ఉంటుంది. ఇంటర్‌సెప్టర్‌లా బద్ధకంగా పోదామంటే కుదరదు. వేగం పెంచేకొద్దీ హ్యాండిల్లో సన్నగా జివ్వుమనడం తెలిసింది. ఆవిడ దిగి 'సీటు కాదిది, పీట' అంది. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి నా వీపు మీద పడుతోంది. ఫ్లైఓవర్ దిగేలోపే ఇలాగైతే ఖమ్మం దాకా ఎలా?

ఇక మా మెకానిక్. బంగ్లాలో ముప్ఫై ఏళ్లుగా బండ్లు విప్పుతున్నవాడు. 'ఎన్‌ఫీల్డ్ అయితే ఏ ఊళ్లోనైనా బాగుచేస్తరు' అని టీ కొట్టు దగ్గర అందరూ చెప్పిన మాట అతనికి చెప్పాను. 'అది పాత బుల్లెట్ ముచ్చట సారూ. గీ రెండూ నా చేతికి రావు. దేన్నైనా ల్యాప్‌టాప్ పెట్టి చూడాల్నట' అన్నాడు. అంత సూటిగా చెప్పే షోరూం నాకు ఇంతవరకూ కనపడలేదు. కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఊరి మెకానిక్ చేతిలోంచి సగం పని జారిపోయింది. మిగిలింది చైను, బ్రేకులు, పంక్చరు. పంక్చర్ దగ్గర మాత్రం తేడా ఉంది. పుల్లల చక్రాల ఇంటర్‌సెప్టర్‌కు ట్యూబు ఉంటుంది. 2023 నుంచి వచ్చిన అల్లాయ్ చక్రాల రకమైతే ట్యూబ్‌లెస్, దాని ధర ఎక్కువ. స్పీడ్ 400 అసలు ట్యూబ్‌లెస్సే. రాత్రి తొమ్మిదికి నడిదారిలో ట్యూబు పంక్చరై 218 కిలోలు తోసే పరిస్థితిని ఒకసారి ఊహించుకున్నాను. చాలు.

డబ్బుల సంగతి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. 350 సీసీ లోపు బండ్లకు 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ గీత దాటితే 40 శాతం. మేం చూసిన రెండూ గీతకు అవతలివే. అంతకు నెల ముందే మన రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు ధర ఉన్న టూవీలర్లకు జీవితకాల పన్ను 18 శాతం చేశారు. నేనడిగే నాటికి ఇంటర్‌సెప్టర్ షోరూం ధరే మూడు లక్షలు దాటింది. పన్నూ ఇన్సూరెన్సూ కలిపితే నాలుగు లక్షల పైన. స్పీడ్ 400 అన్నీ కలిపి మూడు లక్షల పైచిలుకు. మధ్యలో లక్ష తేడా. మరి గీత లోపలి బండి కొనొచ్చుగా? ఎన్‌ఫీల్డ్ 350లు ఇరవై గుర్రాల బండ్లు. బరువు చూస్తే స్పీడ్ 400 కంటే ఎక్కువే. నా భాగహారంలో అవి నిలబడలేదు. పొలం దగ్గర ఎకరంన్నర మిర్చి ఉంది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన తేజా, 2025లో పద్నాలుగు వేల చుట్టూ తిరిగింది. కాబట్టి దాన్ని నమ్ముకునేది లేదు. జీపీఎఫ్‌లోంచి తీయాలి. లక్ష అంటే మాటలా?

ఒక ప్రశ్న మాత్రం నాకు నచ్చలేదు. 'సార్, వాగు దాటాలంటే ఏది మంచిది? ఏది ఎత్తుంటది?' అని మా పాత విద్యార్థి ఒకడు అడిగాడు. ఖమ్మం దారిలో పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు ఉంది. 2024 సెప్టెంబరు 1న ఆ వంతెన దగ్గర ఏం జరిగిందో మా మండలంలో ప్రతి ఇంటికీ తెలుసు. కారులో వెళ్తున్న తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయారు. సీతారాం తండా నీళ్లలో మునిగింది. కారునే తీసుకుపోయిన నీటికి మోటార్ సైకిల్ ఎత్తు ఒక లెక్కా? ఆ ప్రశ్నకు అంకె చెప్పలేదు. 'నీళ్లు కనపడితే వెనక్కి తిప్పరా' అన్నాను. వాడికి నచ్చినట్టు లేదు.

సంక్రాంతి లోపు తేల్చుకోవాలని ఒకరోజు రాత్రి కూర్చుని కాగితం మీద రెండు గళ్లు గీశాను. ఒక గడిలో సీటు, టార్క్, చప్పుడు. చప్పుడు అని రాసినందుకు ఆవిడ నవ్వింది. ఇంకో గడిలో బరువు, కాలు అందడం, లక్ష రూపాయలు. నా మనసు ఇంటర్‌సెప్టర్ మీదే ఉందని ఆవిడకు తెలుసు. ముప్ఫై ఏళ్ల కిందట బుల్లెట్ మీద పోయే ఎస్సైని చూసి గుడ్లప్పగించిన పిల్లగాడు ఇంకా లోపల ఉన్నాడని కూడా తెలుసు. పైగా ఆ సీటు తన కోసమే కదా అని నాకొక సాకు దొరికింది.

'సైలెన్సర్ సంగతి వదిలెయ్యండి. నేను పంజాబీ డ్రెస్సు ఏసుకుని రెండు దిక్కుల కాళ్లేసి కూసుంటా' అంది. నలభై ఎనిమిదేళ్లలో ఎన్నడూ అలా కూర్చోని మనిషి! నేను తేరుకునేలోపే రెండో మాట అంది. 'సీటు మెత్తగ కుట్టిచ్చుకోవచ్చు. బరువు తగ్గిచ్చలేం గదా. వడ్ల మీద కాలు జారితే పడేది ఒక్కరు కాదు.'

నా గళ్ల కాగితంలో లేని గడి అది. ఏవి మార్చుకోగలం, ఏవి మార్చుకోలేం అని నేను విడదీయనే లేదు. టార్క్ తక్కువైతే గేరు మార్చుకుంటాం. సీటు గట్టిదైతే కుషన్ వేయిస్తాం. నలభై రెండు కిలోలు మాత్రం ఎవరికిచ్చినా తీసుకోరు.

జనవరిలో స్పీడ్ 400 ఇంటికొచ్చింది. నంబరు టీజీ 26, మహబూబాబాద్ జిల్లాది. మొదటి వారమే ఖమ్మంలో సీట్లు కుట్టే అతని దగ్గరికి పోయాం. ఆవిడే కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, వెనక భాగంలో ఎంత స్పాంజి పెట్టాలో, ముందుకు జారకుండా ఎక్కడ కొంచెం లేపాలో చెప్పి చేయించింది. రెండు గంటలు పట్టింది. కుట్టినతను 'ఇన్ని కొలతలు ఎవ్వరూ చెప్పలేదమ్మా' అన్నాడు. ఇప్పటికి పది శనివారాలు పోయొచ్చాం. లీటరుకు ఇరవై ఎనిమిది దాకా ఇస్తోంది. టీ కొట్టు దగ్గరి వాళ్ల కోసం చెబుతున్నాను. లారీని దాటేటప్పుడు భుజం మీద చెయ్యి అలాగే ఉంటుంది గానీ, బిగుసుకోవడం లేదు. యాసంగి కోతలు ఇంకా మొదలు కాలేదు. వడ్ల మీద ఎలా నిలబడుతుందో ఏప్రిల్లో తెలుస్తుంది.

షోరూంవాళ్లు స్ప్లెండర్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇమ్మన్నారు. ఎనిమిది వేలు అన్నారు. ఇవ్వలేదు. మిర్చి తోటకు పోయేదారిలో బురదుంటుంది. దాన్నైతే ఒంటిచేత్తో లాగొచ్చు.